ఇంటి గుట్టు, జాతి చరిత్ర: 'లెమనేడ్' మీద నల్లజాతి స్త్రీవాదుల వాదన

2016 ఏప్రిల్ 23 రాత్రి అమెరికాలో హెచ్‌బీఓ ఛానెల్ గంటకు పైగా సాగే ఒక సినిమాను ప్రసారం చేసింది. అందులోని 12 పాటలు ఆ రాత్రే టైడల్ అనే సంగీత వేదికలోకి వచ్చాయి. ఆల్బమ్ పేరు 'లెమనేడ్', పాడినది బియాన్సే. భర్త మీద అనుమానం, అది నిజమని తేలడం, కోపం, శూన్యం, చివరికి క్షమ. ఇదీ ఆ పాటలు నడిచే దారి. భర్త జే-జీ కూడా పేరున్న ర్యాప్ గాయకుడు కావడంతో తెల్లారేసరికి లోకమంతా ఒకే ప్రశ్న పట్టుకుంది: ఆ రెండో ఆవిడ ఎవరు? పాటలో ఆమె గురించి చెప్పిన గుర్తు ఒక్కటే, మంచి జుట్టున్న బెకీ అని. అభిమానులకు అది చాలింది. ఒక ఫ్యాషన్ డిజైనర్ మీద సోషల్ మీడియాలో విరుచుకుపడ్డారు. పేరు దగ్గరగా ఉన్న పాపానికి, టీవీలో వంటలు చేసి చూపించే మరొకావిడ కూడా ఆ తిట్లలో వాటా పంచుకోవలసి వచ్చింది.

నల్లజాతి స్త్రీవాదులకు మాత్రం బెకీ ఎవరన్నది పట్టలేదు, ఆమె జుట్టు పట్టింది. అమెరికా నల్లజాతి ఇళ్లలో 'మంచి జుట్టు' అంటే చిక్కుల్లేకుండా సాగి, తెల్లవాళ్ల జుట్టుకు దగ్గరగా ఉండేది. అంటే భర్త మోసం గురించి ఒక భార్య పడే అసూయలోకి కూడా బానిసత్వం నాటి రంగు తేడాలు వచ్చి కూర్చున్నాయి. ఆల్బమ్ వచ్చిన కొన్ని వారాల్లో బెల్ హుక్స్, జానెట్ మాక్, కాండిస్ బెన్‌బో వంటివారు రాసినవీ చేసినవీ చూస్తే, వాళ్లు పట్టించుకున్న విషయం ఇలాంటిదేనని తెలుస్తుంది. బియాన్సే స్త్రీవాదా కాదా అన్న పాత తగువు వాళ్లలో కొందరికి విసుగు పుట్టించింది కూడా. నల్లజాతి స్త్రీ తన నొప్పిని పదిమందిలో పెట్టాక దానికి ఏమవుతుంది? అది విడుదలకు దారి తీస్తుందా, మంచి సరుకుగా మారి ఊరుకుంటుందా? వాదన ఇక్కడ జరిగింది.

ఈ ఆల్బమ్‌ను మనసు విప్పి చెప్పిన కథ అని పొగిడినవాళ్లు చాలామంది. విప్పింది ఎంతో చూద్దాం. ఎవరు, ఎప్పుడు, ఎన్నాళ్లు, ఎలా తెలిసింది? ఈ ప్రశ్నల్లో దేనికీ జవాబు లేదు. భర్త ముఖం సినిమాలో సగం దాటాక గానీ కనిపించదు. 2014 మే నెలలో ఒక లిఫ్టులో జే-జీ మీద బియాన్సే చెల్లెలు సోలాంజ్ చెయ్యి చేసుకున్న దృశ్యాలు బయటపడ్డాయి. అప్పుడు కూడా ముగ్గురి పేరుతో ఒక పొడి ప్రకటన వచ్చింది తప్ప లోపల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల నుంచే బియాన్సే ఇంటర్వ్యూలు దాదాపు మానేసింది. 'లెమనేడ్' ఆ మౌనాన్ని బద్దలు కొట్టిందని అనిపిస్తుంది గానీ, నిజానికి దాన్ని ఇంకా గట్టిపరిచింది. ఒక్క తలుపు బార్లా తెరిచి, చూసేవాళ్లందరినీ అక్కడే నిలబెట్టి, మిగతా ఇల్లంతా తాళం వేసుకుంది.

చరిత్రకారిణి డార్లీన్ క్లార్క్ హైన్ 1989లో రాసిన ఒక వ్యాసం ఇక్కడ బాగా పనికొస్తుంది. దక్షిణాది నుంచి ఉత్తరాది, మధ్య పశ్చిమ నగరాలకు వలస వెళ్లిన నల్లజాతి స్త్రీలు కూలి డబ్బుల కోసమే వెళ్లలేదనీ, తెల్ల యజమానుల నుంచీ సొంత ఇళ్ల మగవాళ్ల నుంచీ ఎదురయ్యే లైంగిక హింసను తప్పించుకోవడానికి కూడా వెళ్లారనీ ఆమె వాదించారు. ఆ హింసను తట్టుకోవడానికి వాళ్లు ఒక నేర్పు అలవరచుకున్నారు. పైకి అంతా చెప్పేస్తున్నట్టే ఉంటారు, అసలు మనసు మాత్రం ఎవరి చేతికీ చిక్కనివ్వరు. తమ శరీరం మీద హక్కు చట్టం కూడా ఇవ్వని చోట, మనసు గుట్టుగా ఉంచుకోవడమే వాళ్లకు మిగిలిన ఆస్తి. ఈ వెలుగులో చూస్తే బియాన్సే చేసింది పాత నేర్పే, కాకపోతే కొత్త సాంకేతికతతో. మనకు వినిపిస్తున్నది ఆత్మకథ అనుకోవడం ఆ నేర్పు సాధించిన విజయం.

ఇంటి విషయం వీధిలో పాడటం కూడా కొత్తది కాదు. నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ 1998లో వచ్చిన తన పుస్తకంలో మా రేనీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడే పాటలను వరసగా పరిశీలించారు. 1920లలో బ్లూస్ అనే నల్లజాతి పాటల బాణీలో పాడే గాయనులు తిరుగుబోతు మొగుళ్ల గురించి, తన్నులు తిన్న రాత్రుల గురించి, తమ కోరికల గురించి, రైలెక్కి వెళ్లిపోవడం గురించి సంకోచం లేకుండా పాడారు. ఆ పాటల్లో పెళ్లీ పిల్లలూ వెతికినా దొరకరు. మర్యాదస్తులైన నల్లజాతి చర్చి స్త్రీలు వాళ్లను చూసి ముఖం తిప్పుకున్నారు. తెల్లవాళ్లు తమను కాముకులుగా ముద్ర వేస్తారన్న భయంతో పద్ధతిగా బతికి చూపించాలని ఆ స్త్రీలు పెట్టుకున్న నియమాలకు చరిత్రకారిణి ఎవలిన్ బ్రూక్స్ హిగిన్‌బోథమ్ 1993లో గౌరవ రాజకీయమని పేరు పెట్టారు. బియాన్సే ఈ రెండు వారసత్వాలకూ బిడ్డే. పాటల్లో బ్లూస్ గాయనిలా నోరు విప్పుతుంది. కానీ బెస్సీ స్మిత్ పాటల్లో స్త్రీ తరచుగా సంచీ సర్దుకుని వెళ్లిపోతుంది, బియాన్సే కథలో భార్య ఇంట్లోనే ఉంటుంది.

పాటలు వేరుగా విన్నవాళ్లకూ సినిమా చూసినవాళ్లకూ రెండు వేర్వేరు కథలు దక్కాయి. పాటల్లో ఉన్నది ఒక దంపతుల గొడవ. సినిమాలో ఆ గొడవ చుట్టూ లూసియానాలోని పాత తోటల బంగళాలు, వాటి మెట్ల మీద తెల్లని పాతకాలపు గౌన్లలో కూర్చున్న నల్లజాతి స్త్రీలు ఉంటారు. ఒకప్పుడు వాళ్ల ముత్తవ్వలు బానిసలుగా పనిచేసిన ఇళ్లకు ఇప్పుడు వీళ్లే యజమానురాళ్లలా కనిపిస్తారు. జూలీ డాష్ 1991లో తీసిన 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్' చూసినవాళ్లకు ఆ దుస్తులు, ఆ చెట్లు, ఆ నిదానం వెంటనే గుర్తొస్తాయి. 'లెమనేడ్' పుణ్యమా అని ఆ పాత సినిమా 2016లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. పాటల మధ్య వినిపించే కవిత్వం సోమాలీ మూలాలున్న బ్రిటిష్ కవయిత్రి వార్సన్ షైర్‌ది. బేస్‌బాల్ బ్యాట్‌తో కార్ల అద్దాలు పగలగొట్టే పాటలో బియాన్సే పసుపు గౌను కట్టుకుని, నీళ్లు వెల్లువెత్తే తలుపుల్లోంచి బయటికి వస్తుంది. యొరుబా సంప్రదాయంలో నదికీ ప్రేమకూ దేవత అయిన ఓషున్ రూపం అదని పరిశోధకులు వెంటనే గుర్తించారు. ఇంకో పాటలో తెల్లబట్టలు కట్టిన స్త్రీలు వరసగా నీళ్లలోకి నడుస్తారు. 1803లో జార్జియా తీరంలో బానిసత్వానికి ఒప్పుకోకుండా నీళ్లలోకి నడిచిపోయిన ఇగ్బో ప్రజల గాథ అక్కడ కనిపిస్తుంది. భార్యాభర్తల మధ్య ప్రేమ ఎండిపోవడం గురించిన పాటకు ఈ దృశ్యం పెట్టడం చిన్న ధైర్యం కాదు.

ఇంత వైభవాన్ని చూసి కూడా కరగని మనిషి బెల్ హుక్స్. కెంటకీలో పుట్టి, 1981లో తొలి స్త్రీవాద గ్రంథం ప్రచురించినప్పటి నుంచీ నల్లజాతి స్త్రీల తరఫున వాదిస్తూ వచ్చిన ఆమెకు బియాన్సే మీద అప్పటికే మంచి అభిప్రాయం లేదు. 2014 మేలో న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ అనే విశ్వవిద్యాలయంలో జరిగిన చర్చలో, చిన్నపిల్లల మీద ప్రభావం దృష్ట్యా బియాన్సేలో స్త్రీవాద వ్యతిరేకి ఉందనీ, ఉగ్రవాది అనీ అనేశారు. ఆ మాట అతి అనడానికి సందేహం అక్కర్లేదు. కానీ 2016 మేలో 'లెమనేడ్' మీద ఆమె రాసిన వ్యాసం అలాంటిది కాదు. మామూలు నల్లజాతి స్త్రీలను ఇంత అందంగా తెర మీద చూపించడాన్ని ఆమె మెచ్చుకున్నారు. ఆ వెంటనే, ఇది మొదట డబ్బు చేసుకునే వ్యాపారమని గుర్తు చేశారు. నల్లజాతి స్త్రీల శరీరాలను సరుకు చేయడం బానిసల కాలం నుంచీ ఉన్నదే కదా, అందంగా చూపించినంత మాత్రాన అది మారిందా అని అడిగారు.

ఆమె అభ్యంతరాల్లో రెండు బరువైనవి. ఒకటి కోపం గురించి. బ్యాట్ పట్టుకుని నవ్వుతూ అద్దాలు పగలగొట్టే స్త్రీని చూసి జనం చప్పట్లు కొట్టారు. హింసతో స్త్రీలకు అధికారం గానీ ఆత్మగౌరవం గానీ రావని హుక్స్ అన్నారు. రెండోది అంతకన్నా లోతైనది. ఈ కథలో నల్లజాతి స్త్రీ ఎప్పటిలాగే బాధితురాలు, బాధను భరించడమే ఆమె గొప్పతనం. బాధ పెట్టినవాడు మారాడా, మారాలంటే ఏం చేయాలి అన్న ఊసు లేకుండానే కాపురం చక్కబడుతుంది. ప్రేమ ఉన్నచోట హింసకు చోటు లేదని 2000లో ప్రేమ గురించే ఒక పుస్తకం రాసిన మనిషి ఈ మాట అడగడంలో ఆశ్చర్యం లేదు. హుక్స్ బియాన్సేను ప్రేమ పక్షాన నిలబడే నిలదీశారు. ఆ సంగతి ఆ వేడిలో చాలామందికి కనిపించలేదు.

జవాబులు వెల్లువెత్తాయి. రచయిత్రి, ట్రాన్స్ హక్కుల కార్యకర్త జానెట్ మాక్ 2014 చర్చలో హుక్స్ పక్కన కూర్చున్నవారే. అలంకరించుకున్న స్త్రీలను తేలిగ్గా చూడటం, శరీరాన్ని చూపించేవాళ్లకు మెదడు లేదన్నట్టు మాట్లాడటం పితృస్వామ్యం మాటకు వత్తాసు పలకడమేనని ఆమె రాశారు. కోపం విషయంలో కూడా హుక్స్ వాదన పూర్తిగా నిలబడదు. నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1981లోనే కోపాన్ని సమాచారం నిండిన శక్తిగా చూడమన్నారు. పైగా గయ్యాళి నల్లజాతి స్త్రీ అన్నది అమెరికాలో రేడియో, టీవీ హాస్యాల ద్వారా పాతుకుపోయిన బొమ్మ. సామాజిక శాస్త్రవేత్త ప్యాట్రీషియా హిల్ కాలిన్స్ 1990లో ఇలాంటి బొమ్మలు నల్లజాతి స్త్రీలను అదుపులో ఉంచే పరికరాలని వివరించారు. ఆ ముద్ర పడుతుందని భయపడి కోపాన్ని నలభై ఏళ్లు మింగిన స్త్రీకి, పసుపు గౌనులో నవ్వుతూ అద్దం పగలగొట్టే దృశ్యం ఇచ్చే ఊరట వేరు. అక్కడ పగిలింది కారు అద్దాలే, మనిషి తల కాదు కూడా.

అన్నిటికన్నా మంచి జవాబు వాదన రూపంలో రాలేదు. కాండిస్ బెన్‌బో అనే దైవశాస్త్ర రచయిత్రి, నల్లజాతి స్త్రీలు రాసినవీ వాళ్ల గురించి రాసినవీ 200కు పైగా రచనలతో ఒక పాఠ్య జాబితా తయారు చేశారు. నవలలు, కవిత్వం, చరిత్ర, మత చింతన అన్నీ అందులో ఉన్నాయి. సినిమా చూసి కదిలిపోయిన స్త్రీలను అది గ్రంథాలయం దాకా నడిపించింది. అదే ఏడాది శాన్ ఆంటోనియోలో కినిట్రా బ్రూక్స్ 'లెమనేడ్' మీద ఒక కోర్సు నడిపారు. 2019లో కమీలా మార్టిన్‌తో కలిసి వ్యాస సంకలనం తెచ్చారు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన ఒమిసెకే టిన్స్లీ 2018లో పుస్తకమే రాశారు. ఆమె దృష్టి దంపతుల మీద కాదు. తెర మీద ఒకరి జుట్టు ఒకరు అల్లుకుంటూ, కలిసి వండుకుంటూ, ఒక బల్ల దగ్గర కూర్చున్న స్త్రీల మీద. భర్త తిరిగొచ్చినా రాకపోయినా ఆ స్త్రీలు ఒకరికొకరు ఉన్నారు కదా అన్నది ఆమె పట్టుకున్న కొస.

అయితే ఆ దృశ్యాల్లోనూ ఎవరు లేరో చూడాలి. 'ఫార్వర్డ్' అనే చిన్న పాటలో ముగ్గురు తల్లులు కనిపిస్తారు: ట్రేవాన్ మార్టిన్ తల్లి, మైకేల్ బ్రౌన్ తల్లి, ఎరిక్ గార్నర్ తల్లి. ఒళ్లో, పోలీసుల చేతుల్లోనో కాలనీ కాపలాదారు చేతిలోనో చనిపోయిన కొడుకుల ఫొటోలు. సినిమా మొత్తంలో గుండె పట్టేసే నిమిషం అదే. కానీ పోలీసుల చేతుల్లో చనిపోయిన నల్లజాతి స్త్రీల పేర్లు ఎవరూ తలవడం లేదని న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లే క్రెన్‌షా బృందం 2014 చివర్లోనే ఉద్యమం మొదలుపెట్టింది. రెకియా బోయిడ్ 2012లో పోయింది, శాండ్రా బ్లాండ్ 2015లో జైలు గదిలో పోయింది. స్త్రీల కోసమే తీసిన సినిమాలో సైతం స్త్రీ దుఃఖం కొడుకు కోసమే, లేదా మొగుడి కోసమే. కూతుళ్ల ఫొటో ఒక్కటీ లేదు.

సినిమాలో వినిపించే నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ గొంతు విషయంలోనూ ఇదే చిక్కు. అమెరికాలో అందరికన్నా ఎక్కువ అగౌరవం పొందే మనిషి నల్లజాతి స్త్రీ అని ఆయన 1962లో చెప్పిన మాటలను కోపం ఘట్టంలో, మామూలు స్త్రీల ముఖాల మీదుగా వినిపిస్తారు. రోమాలు నిక్కబొడుచుకునే చోటు. సాహిత్య విమర్శకురాలు ఫరా జాస్మిన్ గ్రిఫిన్ 2001లోనే ఒక హెచ్చరిక చేశారు. మాల్కమ్ నల్లజాతి స్త్రీకి ఇచ్చినది రక్షణ హామీ, రక్షణకు బదులుగా స్త్రీ నుంచి ఆశించేది విధేయత. మోసపోయిన భార్య కోపానికి సాక్ష్యం చెప్పడానికి అలాంటి హామీదారునే పిలవడంలో ఒక వింత ఉంది.

లూసియానా నుంచి వచ్చిన విమర్శలు వేరే రకం. ఆల్బమ్ చివరి పాట 'ఫార్మేషన్' వీడియో 2016 ఫిబ్రవరి 6న విడుదలైంది. మర్నాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మైదానంలో, 1960ల నల్లజాతి విప్లవ సంఘం బ్లాక్ పాంథర్లను తలపించే దుస్తుల్లో నర్తకులు ఆడారు. పోలీసు సంఘాలు మండిపడ్డాయి. బియాన్సే నల్లజాతి మనిషన్న సంగతి తెల్లవాళ్లకు ఆ రోజే తెలిసిందని టీవీలో హాస్య నాటిక కూడా వచ్చింది. కానీ లూసియానాలోని న్యూ ఆర్లీన్స్‌లో 2005 నాటి కత్రినా తుఫానును అనుభవించినవాళ్లలో కొందరు తమ విషాదం వెనక తెరగా మారిందని బాధపడ్డారు. ఆ ఊరి గాయని బిగ్ ఫ్రీడియా గొంతు వినిపించింది, ముఖం కనిపించలేదు. 2010లో హత్యకు గురైన ఆ ఊరి యూట్యూబ్ హాస్యకారుడు మెస్సీ మాయా గొంతు వాడుకున్నందుకు వారసులు 2017లో కోర్టుకెక్కారు. న్యూ ఆర్లీన్స్‌లో పెరిగిన ముదురు రంగు స్త్రీ యాబా బ్లే ఇంకో సున్నితమైన చోట వేలు పెట్టారు. పాటలో నీగ్రో, క్రియోల్ (ఫ్రెంచి, ఆఫ్రికా రక్తాలు కలిసిన లూసియానా వాళ్లు) రెండు మూలాలనూ వేరువేరుగా చెప్పుకోవడంలో గర్వం ఉంది. అయితే ఆ ఊళ్లో క్రియోల్ అనే గుర్తింపు లేతరంగు కుటుంబాలు ముదురు రంగు వాళ్లను గడప దాటనివ్వకుండా ఉంచడానికి పనికొచ్చిందే. మంచి జుట్టు మీద కసి తీర్చుకున్న గాయనికి ఈ సంగతి తెలియనిది కాదు.

ఇక డబ్బు. హుక్స్‌ను ఇక్కడ సమర్థించడానికి సిద్ధాంతాలు అక్కర్లేదు, టైడల్ ఒక్కటి చాలు. 2015లో దాన్ని కొన్నది జే-జీ. ఆ తర్వాత మూడేళ్లపాటు, 2019 ఏప్రిల్ దాకా, 'లెమనేడ్'ను చందా కట్టి వినాలంటే ఆ వేదికే దిక్కు. భర్త ద్రోహం గురించి భార్య పాడిన పాటలకు అభిమానులు భర్త కంపెనీకే చందా కట్టారు. ఆల్బమ్‌కు కొద్ది రోజుల ముందు ఆమె ఐవీ పార్క్ అనే క్రీడా దుస్తుల బ్రాండు మొదలుపెట్టింది. వాటిని కుట్టే శ్రీలంక స్త్రీల కూలి చాలా తక్కువని మేలో ఒక బ్రిటిష్ పత్రిక ఆరోపించింది, సంస్థ తమ నిబంధనలు కఠినమైనవని బదులిచ్చింది. నల్లజాతి స్త్రీ సంపాదన విముక్తే అనే వాదన ఇలాంటి చోట కుంటుతుంది. అలాగని అమ్ముడుపోయింది కాబట్టి కళ కాదనడమూ కుదరదు. 1920లో బ్లూస్ గాయని మామీ స్మిత్ రికార్డు విపరీతంగా అమ్ముడయ్యాకే కంపెనీలు బ్లూస్ గాయనులను వెతుక్కుంటూ వచ్చాయి. బెస్సీ స్మిత్ గొంతు ఇవాళ మనకు వినబడుతోందంటే అది ఒక సరుకుగా ముద్రపడినందువల్లే. హుక్స్ వ్యాసంలో బలహీనమైన భాగం ఇదే.

బలమైనది క్షమ గురించిన భాగం, దానికి ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. సినిమాలో ఘట్టాలకు పేర్లున్నాయి: సందేహం పుట్టే దగ్గర నుంచి క్షమ, పునరుత్థానం, ఆశ, విమోచన దాకా. చివరి మాటలన్నీ చర్చి నుంచి వచ్చినవి. నల్లజాతి స్త్రీల మత చింతనలో ముఖ్యురాలైన డెలోరెస్ విలియమ్స్ 1993లో, ఒకరి బాధ ఇంకొకరికి విమోచనం తెస్తుందన్న బోధను ప్రశ్నించారు. ఇతరుల పిల్లలను పెంచి, ఇతరుల పొలాలు దున్ని, ఇతరుల పాపాలు మోసిన స్త్రీలకు ఆ బోధ ఇంకో సంకెల అని ఆమె వాదన. 'లెమనేడ్' చివర్లో ఆ పాత బోధే అందమైన వెలుగులో తిరిగి వస్తుంది. అసలు ఆల్బమ్ పేరు కూడా ఆ కోవదే. జీవితం నిమ్మకాయలిస్తే షరబతు చేసుకున్నానని తన 90వ పుట్టినరోజు వేడుకలో చెప్పిన పెద్దావిడ హ్యాటీ వైట్, జే-జీ ఇంటి మనిషి. మోసపోయిన కోడలికి ఓర్పు పాఠం అత్తింటి వైపు నుంచే అందింది.

క్షమించడం బియాన్సే ఇష్టం, ఆమె కాపురం ఆమెది. కానీ ఒక జాతి స్త్రీల చరిత్రనంతా వేదిక మీదికి తెచ్చాక, ముగింపు మాత్రం మా ఇద్దరి సొంత వ్యవహారం అంటే కథకు కాళ్లు తడబడతాయి. అంతమంది పూర్వీకురాళ్లను పిలిచి, చివర్లో వాళ్లకు కనిపించేది ఇంటి వీడియోల్లో నవ్వుతున్న దంపతులు, పాప. 'శాండ్‌కాజిల్స్' పాటలో జే-జీ మోకరిల్లినట్టు కనిపిస్తాడు, ఏమీ మాట్లాడడు. జవాబుదారీతనమన్న ఘట్టం పేరు తండ్రి గురించిన పాటకు పెట్టారు, భర్తకు కాదు.

భర్త మాట్లాడింది 2017 జూన్‌లో, '4:44' అనే తన ఆల్బమ్‌లో. తప్పు చేశానని, సిగ్గుపడుతున్నానని పాడాడు. ఆ నవంబరులో న్యూయార్క్ టైమ్స్ ఎడిటర్‌తో మాట్లాడుతూ ఇద్దరూ సంగీతాన్ని చికిత్సలా వాడుకున్నామని చెప్పాడు. 2018 జూన్‌లో దంపతులు కలిసి ఇంకో ఆల్బమ్ తెచ్చి, స్టేడియాల్లో కలిసి పాడారు. మగవాడు మారాడా అని హుక్స్ అడిగిన ప్రశ్నకు జవాబంటూ ఉంటే అది అందులో ఉంది. దానికి విడిగా టికెట్టు కొనాలి.